రాత్రిని వేలం వేసిన ఊరు

నెల్లూరులో రాత్రి ఎనిమిది దాటాక కాస్త బయట తిరిగొద్దామంటే ఎక్కడికి పోవాలి? మగవాళ్ళనడిగితే పది పేర్లు చెబుతారు. ఆ పదింట్లోనూ సీసా ఉంటుంది. ఆడవాళ్ళనడిగితే ఒకటే మాట: "ఏడికి పోతాం మా, ఇంటికే." ఐదు లక్షల పైచిలుకు జనాభా, ఊరి పక్కనే చెన్నై-కోల్‌కతా రహదారి, పాతిక కిలోమీటర్ల దూరంలో సముద్రం, ఎక్కడికి పోయినా పేరు చెప్పుకునే చేపల పులుసు. ఇన్ని ఉన్న ఊళ్ళో సగం జనానికి రాత్రి లేదు. నా కోపమంతా దీని మీదే.

ఈమధ్య ఊరూరి పబ్బుల మీదా క్లబ్బుల మీదా సమీక్షలు తెగ వస్తున్నాయి. జూబ్లీహిల్స్‌లో ఏ పబ్బుకి ఎన్ని నక్షత్రాలు, విశాఖ బీచ్ రోడ్డులో ఏ మేడ మీద పాట బాగుంటుంది, చెన్నైలో ఏ హోటల్లో డ్యాన్సు ఫ్లోరు పెద్దది. అవన్నీ చదివి మన కుర్రాళ్ళు శనివారం మధ్యాహ్నం కారెక్కి తడ దాటుతారు. మన ఊరికి మాత్రం ఎవరూ నక్షత్రాలు వెయ్యలేదు. సరే, నేను వేస్తాను. పేర్లు చెప్పను. పేర్లతో పనిలేదు కూడా, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.

మొదట వైన్ షాపు, దాన్ని ఆనుకుని పర్మిట్ రూము. ముందు ఇనుప గ్రిల్లు. గ్రిల్లులోంచి చేతులు లోపలికి, సీసాలు బయటికి. పక్కన రేకుల షెడ్డు, నడుమెత్తు సిమెంటు దిమ్మె, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, ఉడకబెట్టిన గుడ్లు, మిక్చరు పొట్లాలు. కుర్చీ ఉండదు. ఉంటే దాని మీద షాపువాడి చుట్టం కూర్చుని ఉంటాడు. వచ్చినవాడు క్వార్టరు తీసుకుంటాడు, నిలబడి రెండు విసుర్లలో గొంతులో పోసుకుంటాడు, మూతి తుడుచుకుంటాడు, పోతాడు. అక్కడ నవ్వు వినబడదు. కబుర్లుండవు. ఆసుపత్రిలో ఇంజక్షను వేయించుకునేవాడు కూడా ఇంతకంటే ఎక్కువసేపు నర్సుతో మాట్లాడతాడు. 2025లో ప్రభుత్వం ఈ రూములకు మళ్ళీ తలుపులు తీసింది. రోడ్డు మీద తాగకుండా ఉండటానికట. తాగేవాణ్ణి రోడ్డు మీద నుంచి రోడ్డు పక్కకు జరపడం ఒక విధానమైతే, దానికి నేను వేసే నక్షత్రాలు సున్నా.

రెండోది ఏసీ బార్ అండ్ రెస్టారెంటు. లోపలికి పోగానే కళ్ళు కనబడవు. అద్దాలకు నల్ల ఫిల్ము, నీలం రంగు గుడ్డి దీపం, మూలన శబ్దం లేని టీవీలో క్రికెట్టు. ఇంత చీకటెందుకని అడిగితే "కస్టమర్లకి ఇట్టాగే ఇష్టమండి" అంటారు. కాదు. లోపల ఉన్నవాడు బయట దారినపోయే మామకు కనబడకూడదు, అంతే. తాగడాన్ని తప్పు అనుకునే ఊళ్ళో ఆ తప్పుని దాచిపెట్టడానికి కట్టిన గది అది. వంటకి మాత్రం వంక పెట్టలేను. నెల్లూరు వంటమనిషి బారులో ఉన్నా నెల్లూరు వంటమనిషే. కొరమీను వేపుడు, రొయ్యల ఇగురు, కారం దోశ, ఏదడిగినా చెయ్యి తిరిగినవాళ్ళు చేసినట్టే ఉంటుంది. ఆ వంటని వెలుతురులో తినే భాగ్యం లేదు, అదీ విచారం.

అక్కడే 'ఫ్యామిలీ సెక్షన్' అని బోర్డుంటుంది. ఆడవాళ్ళతో వచ్చినవాళ్ళని అటు తోలతారు. ప్లైవుడ్ గోడలు, దుమ్ము పట్టిన కర్టెను, ఇద్దరు పట్టే చోట నలుగురు. మేమేదో నేరం చేసి దాక్కోడానికి వచ్చినట్టు కర్టెను లాగి మూస్తారు. ఇద్దరు ఆడవాళ్ళం మగతోడు లేకుండా పోయి ఉత్త భోజనం అడిగినా సర్వరు మా భుజాల మీదుగా తలుపు వైపు చూస్తాడు, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని. బాత్రూము అడిగితే తాళంచెవి కోసం మనిషిని పంపిస్తారు. తాళం తీశాక చూస్తే లోపల ఖాళీ కేసులు, చీపుర్లు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళ బాత్రూము అంటే స్టోర్ రూము అని వేరే చెప్పాలా?

మూడోది క్లబ్బు. మన జిల్లాలో క్లబ్బంటే పాట కాదు, ఆట కాదు, పేకాట. దానికో చట్టబద్ధమైన చరిత్ర కూడా ఉంది. సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటుండేది. దాని మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967లో ఆ కోర్టు రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది. అప్పటినుంచి ఆంధ్రదేశంలో ప్రతి రిక్రియేషన్ క్లబ్బూ ఆ తీర్పుని గోడకు తగిలించుకున్నంత ధీమాగా ముక్కలు పంచింది. ఇక కాస్త పెద్ద క్లబ్బులున్నాయి: టెన్నిస్ కోర్టు, బారు, మేడ మీద పేక గది. ఒకప్పుడు దొరలు తమ కోసం కట్టుకున్న పద్ధతి అది. దొరలు పోయారు, కుర్చీల్లో ఆఫీసర్లూ కాంట్రాక్టర్లూ వచ్చి కూర్చున్నారు. అక్కడ ఆడవాళ్ళు మెంబర్లు కారు, మెంబరు భార్యలు. ఏడాదికోసారి తంబోలా ఆడించి పంపిస్తారు.

నాలుగోది సముద్రం. మైపాడు, కొత్తకోడూరు, కావలి దగ్గర తుమ్మలపెంట. పగలు ఎంత అందమైన తీరమో చెప్పక్కర్లేదు. సరుగుడు తోపులు, వేపిన చేపల వాసన, కార్తీకంలో స్నానాలకొచ్చే కుటుంబాలు. పొద్దు గుంకితే ఆ తీరం చేతులు మారిపోతుంది. దీపాలుండవు. పిల్లల్ని లేపుకుని కుటుంబాలు వెళ్ళిపోతాయి. కార్లు ఇసక అంచుదాకా వచ్చి వెనక డిక్కీ తెరుచుకుంటాయి. తెల్లారితే ఆ ఇసకలో గాజుపెంకులు. వల లాగేవాళ్ళ కాళ్ళలో దిగేది ఆ పెంకులే. తాగి అలల్లోకి దిగినవాళ్ళ కబురు మర్నాడు జిల్లా పేజీలో చదువుతాం, నిట్టూరుస్తాం, పేజీ తిప్పుతాం.

ఇంకో వింత చూడండి. వైన్ షాపు రాత్రి పది దాకా, బారు పన్నెండు దాకా తెరిచి ఉంచడానికి ప్రభుత్వమే అనుమతిస్తుంది. ఆ వేళకి ఇల్లు చేరడానికి బస్సు మాత్రం ఏర్పాటు చెయ్యదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరమని, మొదటిసారికే పదివేల దాకా జరిమానా అని చట్టం రాసి, బారు నుంచి ఇంటికి పోయే దారిలోనే గొట్టం పట్టుకుని నిలబడుతుంది. తాగి బండి నడపడం ముమ్మాటికీ నేరమే, అందులో నాకు సందేహం లేదు. అమ్మేచోటా తనే ఉండి, పట్టుకునేచోటా తనే ఉండి, నడుమ ఉన్న దారిలో ఎక్కడా కనబడని ప్రభుత్వాన్ని ఏ సెక్షను కింద బుక్ చెయ్యాలి?

సమీక్ష అయిపోయింది. బారు యజమాని చెడ్డవాడు, సర్వరు మొరటువాడు అని చెప్పి ముగిస్తే సులువుగా ఉండేది. కానీ తప్పు అక్కడ లేదు. ఈ గదులన్నీ ఒకే తీరుగా ఎందుకున్నాయో తెలియాలంటే వంటగదిలోకి కాదు, ఎక్సైజ్ నోటిఫికేషన్లోకి తొంగిచూడాలి.

2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 మద్యం షాపులకు లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకి రెండు లక్షలు, షాపు రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. దాదాపు తొంభై వేల దరఖాస్తులు పడ్డాయి. అంటే ఒక్క సీసా మూత తియ్యకముందే ప్రభుత్వానికి సుమారు 1,800 కోట్లు ముట్టాయి. ఆపైన లైసెన్సు ఫీజు వేరు. ఇంత పోసి షాపు తెచ్చుకున్నవాడు చేసే లెక్క ఎలా ఉంటుంది? నిలబడి తాగిపోయేవాడు లాభం. కూర్చుని గంటసేపు మాట్లాడుకునేవాడు నష్టం. తాగకుండా పక్కన కూర్చునేవాడు మరీ నష్టం. ఆడవాళ్ళ కోసం ఒక బాత్రూము కట్టడమంటే నాలుగు టేబుళ్ళ చోటు పోగొట్టుకోవడం. కిటికీ పెడితే సిగ్గుపడి సగం మంది రారు. అందుకే చీకటి, అందుకే దిమ్మె, అందుకే స్టోర్ రూము. ఈ గదులకు ఇంజనీరు మన ఖజానాయే.

వాళ్ళు కొన్నది సరుకు అమ్మే హక్కు అనుకుంటాం. నిజానికి కొన్నది రాత్రిని. ఊళ్ళో చీకటి పడ్డాక తెరిచి ఉండే చోట్లన్నీ ఎవరు ఫీజు కడితే వాళ్ళవి. ఫీజు కట్టనివాళ్ళకి చోటు లేదు. ఇదే పద్ధతి పల్లెలకి కూడా దిగింది. బెల్టు షాపు చట్టంలో లేదు. అయినా కొన్ని ఊళ్ళలో పెద్దలే కూర్చుని బెల్టు షాపుకి వేలం పెడుతున్నారని, ఎక్కువ పాడినవాడికి హక్కు ఇచ్చి ఆ డబ్బుతో గుడి కడుతున్నారని, తిరునాళ్ళు చేస్తున్నారని పేపర్లు ఎన్నోసార్లు రాశాయి. ఖజానా లాటరీ తీస్తే లేని తప్పు మేం వేలం వేస్తే వచ్చిందా అని ఆ పెద్దలు ఎదురడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఈ మాట ఇంకో జిల్లాలో రాస్తే ఇంత మంట పుట్టేది కాదేమో. నెల్లూరులో రాయాల్సి రావడమే నొప్పి. ఎందుకంటే రాత్రిని ఎలా వేలం వేస్తారో ముందుగా కనిపెట్టి, ఆ వేలంపాటనే ఆపేసిన ఆడవాళ్ళు ఈ జిల్లావాళ్ళు.

కొత్తతరానికి ఒకసారి చెప్పుకుందాం. 1980ల్లో సారాని ప్రభుత్వమే ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చే పద్ధతి వచ్చింది. దానికి వారుణి వాహిని అని పేరు. పేరు చూడండి, ఎంత కవిత్వమో! తాగునీళ్ళ కుళాయి లేని ఊరికి కూడా సారా జీపు టంచనుగా వచ్చేది. సారా పాటలు పాడి కాంట్రాక్టర్లు జిల్లాల్ని పంచుకున్నారు. 1970లో పదుల కోట్లలో ఉన్న ఎక్సైజ్ రాబడి 1991-92 నాటికి ఎనిమిది వందల కోట్లు దాటింది. ఆ కోట్లు ఎవరి కూలి డబ్బులో చెప్పాల్సిన పనిలేదు.

అదే సమయంలో, 1991లో, ఈ జిల్లాలో అక్షరదీపం మొదలైంది. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం. పగలంతా నాట్లు, కలుపులు, కోతలు. చీకటి పడ్డాక వంట ముగించుకుని పలకా పుస్తకం పట్టుకుని ఆడవాళ్ళు రాత్రిబడికి వచ్చారు. ఊరూరా, ఊరి నడిమధ్య, దీపం కింద, అన్ని కులాల ఆడవాళ్ళు ఒకచోట కూర్చున్నారు. నేను ఈ విషయం చెబుతున్నది అక్షరాల మహిమ పాడటానికి కాదు, దాన్ని ఇప్పటికే చాలామంది పాడారు. నేను చెప్పేది ఆ రాత్రి గురించి. రోజూ రాత్రిపూట ఆడవాళ్ళు ఇల్లు దాటి బయటికొచ్చి, తమలాంటివాళ్ళతో కూర్చుని, మొగుడి గురించీ కూలి గురించీ గొంతు తగ్గించకుండా మాట్లాడుకున్న చోటు అది. నెల్లూరు జిల్లా చరిత్రలో అసలైన నైట్ అవుట్ ఏదంటే అదే. పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారాని తరిమేసిన ఆడవాళ్ళ కథ. దాన్ని చదివి ఊరుకోలేదు వాళ్ళు.

కలిగిరి మండలం దూబగుంటలో తాగినవాళ్ళు చెరువులో పడి చచ్చిపోయారు. ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రానివ్వబోమని అడ్డం నిలిచారు. వర్ధినేని రోశమ్మ పేరు అక్కడి నుంచే రాష్ట్రమంతా పాకింది. 1992లో ఊరూరా చీపుర్లూ కారంపొడీ పట్టుకుని సారా జీపుల్ని వెనక్కి తిప్పారు. అధికారులు జిల్లా సారా పాట పెట్టబోతే జరగనివ్వలేదు. మళ్ళీ పెట్టబోయారు, మళ్ళీ జరగలేదు. వాయిదా మీద వాయిదా. చివరికి 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతా వచ్చింది. 1994 డిసెంబరు 12న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఎన్టీ రామారావు మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి నుంచి నిషేధం అమలైంది. 1997లో ఎత్తేశారు.

ఎందుకు ఎత్తేశారో అందరూ చెబుతారు. ఖజానా ఖాళీ, యానాం నుంచీ పొరుగు రాష్ట్రాల నుంచీ దొంగరవాణా, నాటుసారా. అన్నీ నిజమే. ఎవరూ చెప్పని కారణం ఇంకోటుంది. సారా పోయిన చోట మనం ఏమీ పెట్టలేదు. సారా కొట్టు మూసిన మర్నాడు ఆ అరుగు మీద ఏముంది? గ్రంథాలయం రాలేదు, ఆటస్థలం రాలేదు, టీకొట్టు పక్కన నాలుగు బల్లలు రాలేదు. అక్షరదీపం ఊపు తగ్గిపోయింది, రాత్రిబళ్ళు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆడవాళ్ళు మళ్ళీ ఇళ్ళలోకి, మగవాళ్ళు మళ్ళీ చీకట్లోకి. ఖాళీగా ఉన్న చోటికి సీసా తిరిగొచ్చి కూర్చుంది. నిషేధం ఓడిపోయిందని రాస్తారు. నిషేధానికి తోడు పంపనందుకు మనం ఓడిపోయాం.

ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, ఎవరి నాటకం వాళ్ళు ఆడారు. 2019లో దశలవారీ మద్యనిషేధం అన్నారు. అంటూనే ప్రభుత్వమే షాపుల్లో కూర్చుని అమ్మింది. షాపుల్ని 3,500కి తగ్గించామన్నారు, 2020 మేలో రెండు రోజుల్లో ధరలు 75 శాతం పెంచారు. పేదవాడు తాగడం మానేస్తాడని చెప్పారు. పేదవాడు మానలేదు, పిల్లల ఫీజు మానేశాడు. ఎప్పుడూ వినని బ్రాండ్లు, బూమ్ బూమ్ బీర్లు, నగదు తప్ప ఫోన్ చెల్లింపు తీసుకోని సర్కారీ కౌంటర్లు. 2024లో గెలిచినవాళ్ళు వాటిని మూసి, నాణ్యమైన మద్యం 99 రూపాయలకే అన్నారు. ఎన్నికల సభలో మద్యం నాణ్యత హామీగా చప్పట్లు కొట్టించుకున్న రాష్ట్రం మనది. సముద్రం ఒడ్డున దీపాలు వేస్తామని మాత్రం రెండు పక్షాల్లో ఎవరూ హామీ ఇవ్వలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఇప్పుడు నా మాటకి రెండు వైపులనుంచీ రాళ్ళు పడతాయని తెలుసు. రెంటికీ జవాబు చెప్పి పోతాను.

ఒకవైపు సంస్కృతి కాపలాదారులు. "అమ్మాయిలు రాత్రుళ్ళు తిరగడమేంది, పబ్బుల గొడవేంది" అని బయల్దేరతారు. 2009 జనవరి 24న మంగళూరులో ఇలాంటివాళ్ళే ఒక పబ్బులోకి దూరి అమ్మాయిల్ని జుట్టు పట్టి కొట్టారు. వాళ్ళలాంటివాళ్ళు 1992 పోరాటాన్ని తమ ఖాతాలో వేసుకోవాలని చూస్తారు. అందుకే ఇది గట్టిగా చెప్పాలి. దూబగుంట ఆడవాళ్ళు ఎవరి కూతురు ఏం తాగిందని తలుపులు తట్టలేదు. వాళ్ళు అడ్డగించింది జీపుని, ఆపింది వేలాన్ని, అడిగింది తమ కూలి డబ్బుని. అమ్మాయిల్ని కొట్టడానికి చీపురు ఎత్తలేదు, కాంట్రాక్టరు మీద ఎత్తారు. ఆడమనిషి రాత్రి బయటికి రావడం తప్పయితే, రాత్రిబడికి వచ్చిన ఆ ఆడవాళ్ళందరూ తప్పు చేసినట్టే. ఆ తప్పు వల్లే ఒక రాష్ట్రంలో సారా ఆగింది.

రెండోవైపు అభివృద్ధి పండితులు. వీళ్ళకి సముద్రం కనబడితే గోవా కనబడుతుంది. "ఒడ్డున పాకలు పెడదాం, పబ్బులు తెద్దాం, చెన్నైకి పోయే డబ్బు ఇక్కడే ఖర్చవుతుంది" అంటారు. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ 2019 చూపిస్తారు, ఇసక మీద తాత్కాలిక పాకలకి అనుమతుందంటారు. ఉంది. అదే నోటిఫికేషన్లో ఆ పాకలతో పాటే మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, తాగునీరు, కూర్చునే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. మన పండితుల చూపు 'పాకలు' దగ్గర ఆగిపోయింది. మైపాడులో ఆడమనిషి తడిబట్టలతో కారు వెనక నిలబడి, నలుగురు చీర అడ్డం పట్టుకుంటే బట్టలు మార్చుకోవాల్సిన పరిస్థితి పోవాలంటే పబ్బు లైసెన్సు అక్కర్లేదు. నాలుగు గోడలు చాలు. ఇంకోటి, ఆ ఇసక ఖాళీ స్థలం కాదు. వలలు ఆరేసేది, పడవలు లాగేది, చేపలు ఎండేసేది అక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో పడవ కదలని రోజుల్లో ఆ కుటుంబాలు వలలు బాగుచేసుకునేది అక్కడే. రాత్రి పూట ఎవరి పాటకి వాళ్ళ నిద్ర చెడిపోవాలో వాళ్ళని అడక్కుండా లాటరీ తీస్తే, అది వారుణి వాహినికి ఇంగ్లీషు బోర్డు తగిలించడమే.

నేను పబ్బుకి వ్యతిరేకిని కాను. వెలుతురు ఉన్న పబ్బు, కిటికీ ఉన్న పబ్బు, ఆడా మగా పక్కపక్కన కూర్చుని ఒకరు బీరు, ఇంకొకరు నిమ్మసోడా తాగి అదే మర్యాద పొందే పబ్బు వస్తే మొదటి నక్షత్రం నేనే వేస్తాను. మనవాళ్ళు తెస్తామంటున్నది అది కాదు. ఇప్పుడున్న చీకటి గదికి డీజే తగిలించి సముద్రం ఒడ్డున పెడతామంటున్నారు.

"మన జనం అంతే అమ్మా, రాత్రి పదయ్యేసరికి పడుకుంటారు" అని ఒక సన్నాయి నొక్కు ఉంటుంది. శుద్ధ అబద్ధం. మొహర్రం నెలలో రొట్టెల పండక్కి బారా షహీద్ దర్గాకి రండి. స్వర్ణాల చెరువు ఒడ్డున లక్షల మంది. ఆడవాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె అని పంచుకుంటారు. హిందువులు, ముస్లిములు, పొరుగు రాష్ట్రాలవాళ్ళు. గంధం తెచ్చే అర్ధరాత్రి చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు గుంపులో నిర్భయంగా నడుస్తారు. ఎందుకంటే ఆ ఐదు రోజులూ దీపాలున్నాయి, తాత్కాలిక మరుగుదొడ్లున్నాయి, బస్సులున్నాయి, పోలీసులున్నారు. కార్పొరేషనుకీ కలెక్టరాఫీసుకీ ఈ పని చేతనవుననడానికి ఇంకేం రుజువు కావాలి? సూళ్ళూరుపేట దగ్గర 2019 ఆగస్టులో వంద అడుగుల తెర ఉన్న సినిమాహాలు తెరిచారు. రాత్రి ఆటకి చెన్నై నుంచి కూడా కుటుంబాలు కార్లలో వచ్చాయి. వెలుతురూ, కూర్చునే చోటూ, శుభ్రమైన బాత్రూమూ ఉంటే అర్ధరాత్రి ఎంత దూరమైనా వస్తారు మన జనం.

కాబట్టి అడగాల్సినవి ఏవో తేల్చి అడుగుదాం. ఈ జిల్లాలో మద్యం మీద వచ్చే రాబడిలో ఒక వాటా ఈ జిల్లా రాత్రికే ఖర్చు కావాలి. మైపాడు, కొత్తకోడూరు, తుమ్మలపెంటల్లో దీపాలు, బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, గజ ఈతగాళ్ళ కాపలా. ఆ గజ ఈతగాళ్ళ ఉద్యోగాలు ఆ పల్లెల మత్స్యకార యువకులకే. బారు మూసే వేళ దాకా తీరం నుంచి ఊళ్ళోకి ఆర్టీసీ బస్సు. బారు లైసెన్సుకి షరతులు: బయటి నుంచి లోపల కనబడే అద్దం, తాళం లేని ఆడవాళ్ళ బాత్రూము, మందు తాగనివాళ్ళకి కూడా అదే టేబులు. పర్మిట్ రూములో కుర్చీ. మనిషికి కుర్చీ ఇవ్వలేని షాపు మందు అమ్మడానికి తగదు. లైసెన్సు ఇచ్చే ముందు ఆ వీధిలో ఆడవాళ్ళ సభ, వాళ్ళు వద్దంటే లాటరీ డబ్బాలో ఆ షాపు నంబరే ఉండకూడదు. ఊళ్ళో వేలం వేసే బెల్టు షాపు పెద్దల మీద కేసు, వేలం డబ్బుతో కట్టింది గుడైనా సరే. పురమందిరంలో, గ్రంథాలయాల్లో రాత్రి పది దాకా దీపం.

డబ్బెక్కడిదంటారు. షాపు దక్కనివాళ్ళు కూడా రెండేసి లక్షలు కట్టి పోయారు కదా, సీసా కదలకముందే 1,800 కోట్లు. అందులోంచి తీరానికి ఒక దీపస్తంభం రాదా?

1992లో అధికారులు సారా పాటకి తేదీ పెట్టినప్పుడు ఆడవాళ్ళు ఆ తేదీ తెలుసుకుని వచ్చారు. ఇప్పుడు తేదీలు ఎవరికీ తెలియడం లేదు, లాటరీ అయిపోయాక పేపర్లో విజేతల ఫోటోలు చూస్తున్నాం. రేపు కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చినవాణ్ణి గడప దగ్గరే ఆపి అడగండి: "రాత్రి తొమ్మిదికి నా కూతురు ఒంటరిగా కూర్చుని ఒక కప్పు టీ తాగే చోటు ఈ వార్డులో ఏడుంది నాయనా?" చూపించగలిగితే ఓటెయ్యండి. చూపించలేకపోతే వచ్చే ఎక్సైజ్ నోటిఫికేషన్ తేదీ అడిగి రాసుకోండి. ఆ రోజు మనకి పనుంది.